కండ పట్టేసినప్పుడు ఏం చెయ్యాలి: పిక్క, నడుం, మెడ పట్టేయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమలాపురం వైపు ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఊడ్పుల రోజుల్లోనూ, ఎండలు ముదిరాక దాళ్వా కోతలప్పుడూ అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. రాత్రి పదకొండింటికి "సార్, అమ్మకి పిక్క పట్టేసింది, ఏం మాత్ర వెయ్యాలి" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, నేను చూసి జవాబు రాసేలోపే పట్టు వదిలేసి ఉంటుంది. మాత్ర కడుపులో కరిగేలోపే అయిపోయే నొప్పి ఇది. ఆ రెండు నిమిషాల్లో చేతులతో ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలని, అలాగే ఏది కండ పట్టు కాదో కూడా తెలియాలని ఇవన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## అసలు ఏం జరుగుతుంది

పిక్క పట్టేస్తే "నరం మీద నరం ఎక్కింది" అంటారు కదా, నిజంగా ఎక్కుతుందా?

ఎక్కదు. నరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కే వీలే లేదు. కండ మామూలుగా బిగుసుకుంటుంది, పనయ్యాక వదులవుతుంది. అలసిపోయినప్పుడో, బాగా కుదించుకుపోయి ఉన్నప్పుడో నరం నుంచి "బిగుసుకో" అన్న సంకేతం ఆగకుండా వస్తూనే ఉంటుంది, "ఇక వదులు" అన్న సంకేతం బలహీనపడుతుంది. దాంతో కండలో కొంత భాగం రాయిలా బిగుసుకుపోతుంది. చెయ్యి వేసి తడిమితే ముడిలా తగిలేది ఆ కండే. ఎక్కువసార్లు కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుంది, ఒక్కోసారి పది నిమిషాల దాకా ఉండొచ్చు. నరం దించుతామని బొటనవేలితో పొడిచి కమిలిపోయేలా నొక్కేవాళ్ళున్నారు, అలా నొక్కించుకోకండి, పట్టు పోయాక కూడా ఆ నొప్పి వారం ఉంటుంది.

కొంకర్లు, తిమ్మిరి, అదరడం, పట్టేయడం అన్నీ ఒకటేనా?

కాదు. పట్టేయడం అంటే కండ గట్టిపడి నొప్పి పుట్టడం. చేతివేళ్ళు, కాలివేళ్ళు వంకరపోయి బిగుసుకుంటే కొంకర్లు పోయాయంటాం, అది కూడా ఆ జాతిదే. తిమ్మిరి వేరు, అందులో నొప్పికంటే మొద్దుబారడం, చీమలు పాకినట్టుండటం ఎక్కువ, అది నరానికి సంబంధించింది. అదరడంలో చర్మం కింద కండ చిన్నగా కొట్టుకుంటుంది, నొప్పి ఉండదు. డాక్టర్‌కి చెప్పేటప్పుడు ఈ తేడా చెబితే ఆయన పని సగం తేలికవుతుంది.

పగలంతా బానే ఉంటాను. సరిగ్గా నిద్రపట్టాక, తెల్లవారుజామునే ఎందుకు పట్టేస్తుంది?

పడుకున్నప్పుడు పాదం తనంతట తానే కిందికి, అంటే మంచం చివరి వైపుకి వాలిపోతుంది. అప్పుడు పిక్క కండ కుదించుకుని ఉంటుంది. అలా కుదించుకుని ఉన్న కండకి చిన్న సంకేతం వచ్చినా చాలు, పూర్తిగా బిగుసుకుపోతుంది. నిద్రలో ఒళ్ళు విరుచుకుంటూ కాలివేళ్ళు కిందికి చాపినప్పుడు పట్టేయడం మీరు గమనించే ఉంటారు. వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. పగలు బురదలో నిలబడి పని చేసినా, రోజంతా షాపులో కదలకుండా నిలబడినా ఆ రాత్రికి వచ్చే అవకాశం ఎక్కువ.

వారం నుంచి కన్ను అదురుతోంది. కుడికన్ను మంచిది, ఎడమకన్ను చెడ్డదంటారు, టెన్షన్‌గా ఉంది.

ఏ కన్నయినా కారణాలు ఒకటే: నిద్ర చాలకపోవడం, ఎక్కువ టీ కాఫీలు, ఫోన్ చూసి చూసి కళ్ళు అలసిపోవడం, మనసులో ఆందోళన. నాలుగు రోజులు పెందలాడే పడుకుంటే చాలావరకు తగ్గిపోతుంది. వారాలు గడిచినా తగ్గకపోయినా, కన్ను దానంతటదే మూసుకుపోతున్నా, ముఖంలో మిగతా భాగం కూడా లాగుతున్నా డాక్టర్‌కి చూపించాలి.

## పట్టేసిన ఆ నిమిషంలో

అర్ధరాత్రి పిక్క పట్టేసింది. మొదట ఏం చెయ్యాలి?

మోకాలు తిన్నగా చాపండి. కాలివేళ్ళను మీ ముఖం వైపుకి లాగండి. ఇంతే. ఈ రెండూ కలిస్తేనే పిక్క కండ సాగుతుంది, మోకాలు ముడుచుకుని పాదం లాగితే సగమే సాగుతుంది. కండ సాగగానే దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులో ఉండే గ్రాహకాలు "వదులు" అన్న సంకేతం పంపుతాయి, పట్టు విడుస్తుంది. కుదుపుతో లాగకూడదు, మెల్లగా లాగి అలాగే పట్టుకుని ఉండాలి, నొప్పి వదిలాక కూడా ఇంకో అర నిమిషం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, నొప్పి పోయిందని వెంటనే వదిలేస్తే అది మళ్ళీ పట్టేస్తుంది.

మా అమ్మమ్మకి వంగితే కాలివేళ్ళు అందవు. మంచం కోడుకి ఒక పాత తువ్వాలు కట్టి ఉంచుకుంది. పట్టేయగానే ఆ తువ్వాలు పాదం ముందు భాగానికి, వేళ్ళ కింద ముద్దలా ఉండే చోట తగిలించి, రెండు కొసలూ చేతుల్లోకి తీసుకుని గుర్రం పగ్గం లాగినట్టు లాగుతుంది. మడమకి వేస్తే జారిపోతుంది, వేళ్ళ కిందే వెయ్యాలి. ఎనభై దాటిన మనిషి ఎవర్నీ లేపకుండా తనే చేసుకుంటోంది, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ పద్ధతి తప్పకుండా నేర్పండి.

లేచి నిలబడగలిగితే నేల మీద మడమ పూర్తిగా ఆనించి, ఆ కాలి మీద బరువు వెయ్యండి. అయితే పెద్దవాళ్ళు చీకట్లో గభాలున లేస్తే పడిపోయే ప్రమాదం ఉంది, వాళ్ళు కూర్చునే చేసుకోవాలి.

పక్కనున్నవాళ్ళకి పట్టేస్తే మేం ఎలా సాయం చెయ్యాలి?

వాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక చేత్తో మోకాలు పైకి లేవకుండా మెత్తగా అదిమి, రెండో చేతి అరచేతిలో మడమ పెట్టుకుని, మీ ముంజేతిని వాళ్ళ అరికాలికి ఆనించి ముందుకి వాలండి. మీ బలం కాదు, మీ బరువు పనిచెయ్యాలి. "చాలు" అన్నప్పుడు అక్కడే ఆగాలి. వదిలాక పిక్కని కింది నుంచి పైకి మెల్లగా నిమరండి.

తొడలోనో, పాదంలోనో, చేతిలోనో పట్టేస్తే?

సూత్రం ఒకటే, బిగుసుకున్న కండని దాని ఎదురు దిక్కుకి మెల్లగా సాగదీయాలి. తొడ వెనక పట్టేస్తే కాలు తిన్నగా చాపి, నడుం దగ్గర ముందుకి వంగాలి. తొడ ముందు పట్టేస్తే గోడ పట్టుకుని, మోకాలు మడిచి మడమను పిరుదు వైపుకి తేవాలి. అరికాల్లో అయితే కాలివేళ్ళను వెనక్కి వంచాలి. చేతివేళ్ళు అయితే రెండో చేత్తో ఒక్కొక్కటే తెరవాలి.

గోదాట్లో ఈదుతుంటే కాలు పట్టేస్తే?

ముందు వెల్లకిలా తిరిగి తేలండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే పట్టేసిన కాలు ప్రాణం తీయదు, కంగారులో నీళ్ళు మింగడం తీస్తుంది. చెయ్యి ఎత్తి కేకెయ్యండి. తేలుతూనే మోకాలు చాపి కాలివేళ్ళు మీ వైపుకి లాగండి, చెయ్యి అందకపోతే పాదాన్నే పైకి వంచండి. పట్టు వదలగానే మళ్ళీ ఈత మొదలుపెట్టకుండా, చేతులతో, రెండో కాలితో ఒడ్డుకి వచ్చేయండి, ఎందుకంటే అలసిన కండ రెండోసారి ఇంకా తొందరగా పట్టేస్తుంది. వరద నీరు ఎర్రగా వచ్చే రోజుల్లో రేవుల్లో లోపలికి దిగొద్దు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, ఏళ్ళ తరబడి ఈత కొట్టనివాళ్ళు కూడా ఆ సంబరంలో లోతుకి వెళ్తారు, మీ పిల్లలకి ఇప్పుడే వెల్లకిలా తేలడం నేర్పించండి.

బాగా టెన్షన్ పడినప్పుడు, ఏడ్చినప్పుడు చేతివేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఫిట్సా?

స్పృహలో ఉండి మాట్లాడుతున్నారంటే ఎక్కువసార్లు ఫిట్స్ కాదు. ఆందోళనలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పడిపోతుంది, దాంతో పనికొచ్చే కాల్షియం తగ్గి వేళ్ళు దగ్గరికి ముడుచుకుపోతాయి, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. పక్కన కూర్చుని, నెమ్మదిగా మాట్లాడుతూ, ఊపిరి మెల్లగా వదిలించండి. కవర్ ముఖానికి పెట్టి ఊపిరి తీయించడం వద్దు, ఒకవేళ గుండె జబ్బో ఆస్తమానో అయితే ప్రమాదం. టెన్షన్ ఏమీ లేకుండా ఇలా జరుగుతుంటే, ముఖ్యంగా థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళకి జరిగితే, అదే రోజు కాల్షియం పరీక్ష చేయించాలి.

## పట్టు వదిలాక

పట్టు వదిలింది కానీ మర్నాడు కూడా కుంటుతున్నాను. కాపడం పెట్టాలా, ఐస్ పెట్టాలా?

ఒక రోజు దాకా సలుపు ఉండటం మామూలే. ఉత్త కండ పట్టుకి వేడి బాగా పనిచేస్తుంది: వేణ్ణీళ్ళలో పిండిన గుడ్డతో పావుగంట, రోజుకి రెండు మూడుసార్లు. దెబ్బ తగిలి, వాచి, కమిలినట్టుంటే మాత్రం మొదటి రెండు రోజులూ ఐస్, అది కూడా గుడ్డలో చుట్టి, పది పదిహేను నిమిషాలే. షుగర్ ఉండి కాళ్ళు మొద్దుబారినవాళ్ళు వేడి కాపడం జోలికి పోకండి, కాలుతున్నా తెలియదు. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టుకుని బొబ్బలెక్కి వచ్చిన కాళ్ళు చాలా చూశాను.

నడుం పట్టేసింది, కదల్లేకపోతున్నాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోమంటున్నారు.

తన్నించుకోకండి. తన్నించుకున్నాక తగ్గిందని చెప్పేవాళ్ళు అబద్ధమాడటం లేదు, నడుం పట్టు ఎక్కువమందికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, తన్నినా తన్నకపోయినా. కానీ ఎముకలు గుల్లబారిన పెద్దావిడకి పొరపాటున గట్టిగా తగిలితే వెన్నుపూస నలిగిపోవచ్చు.

మంచం ఎక్కి పది రోజులు పడుకోవడం కూడా పాత పద్ధతే, ఇప్పుడెవరూ సలహా ఇవ్వరు. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి ఎక్కువున్నప్పుడు మోకాళ్ళ కింద తలగడ పెట్టుకుని వెల్లకిలా పడుకోండి, కానీ గంటకోసారి లేచి ఇంట్లో నాలుగడుగులు వెయ్యండి. కాపడం పెట్టండి. బిందెలు, ధాన్యం బస్తాలు, గ్యాస్ బండలు ఓ వారం పక్కవాళ్ళకి వదిలేయండి. ఊడ్పుల్లో గంటల తరబడి మోకాళ్ళు తిన్నగా ఉంచి నడుం దగ్గరే వంగి ఉంటారు కదా, నడుం కండలు ఆ భంగిమలోనే అలసిపోతాయి, అందుకే గట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నిటారుగా నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని ఐదుసార్లు వెనక్కి వాలమని ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళకి చెబుతుంటాను.

నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, కాళ్ళు పట్టు తప్పుతున్నా ఒక్క పూట కూడా ఆగకండి, వెన్నులో నరాలు నొక్కుకుపోయి ఉంటాయి, అది అత్యవసరం.

పొద్దున్న లేచేసరికి మెడ ఒకపక్కకి పట్టేసింది. సెలూన్‌లో విరిపించుకోవచ్చా?

వద్దు, దయచేసి వద్దు. తల పట్టుకుని గభాలున తిప్పినప్పుడు మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది, అలా పక్షవాతం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ వారంలో తగ్గిపోయే మెడ పట్టు కోసం తీసుకోవాల్సిన రిస్క్ కాదు. కాపడం పెట్టి, నొప్పి పుట్టనంత మేరకే మెడని అటూ ఇటూ తిప్పుతూ ఉండండి, రెండు మూడు తలగడలు మానేసి ఒకటే వాడండి. మెడ పట్టుతో పాటు జ్వరం, విపరీతమైన తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే అది మెదడువాపు కావచ్చు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

## ఎండ, చెమట, తిండి

మాది కోనసీమ, రోజుకి రెండు బొండాలు తాగుతాను. అయినా ఎందుకు పట్టేస్తున్నాయి?

బొండాం నీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం, అంటే ఉప్పు, తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా ఉప్పే. రోహిణి కార్తె ఎండలో కొబ్బరి దింపు తీసేవాళ్ళకి, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళకి చొక్కా ఆరాక తెల్లగా చారలు కడతాయి, అదంతా ఉప్పే. 1930ల్లో అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టిన కూలీలకి ఎండలో ఇలాగే కండలు పట్టేస్తుంటే పరీక్షించిన వైద్యులు, వాళ్ళ ఒంట్లో ఉప్పు తగ్గిపోయిందని గుర్తించారు. కాబట్టి చెమటోడ్చే రోజున బొండాం తాగండి, దానితో పాటు ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగండి. ఉత్త మంచినీళ్ళే లీటర్లకి లీటర్లు తాగడం కూడా సరికాదు, రక్తంలో ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది.

అయితే అన్ని పట్లకీ ఉప్పు లోటే కారణం కాదు. ఏసీలో కూర్చునేవాళ్ళకీ వస్తుంది. అక్కడ అసలు కారణం అలసట, కదలకపోవడం.

తరవాణి తాగితే తగ్గుతుందని మా నాయనమ్మ అంటుంది, నిజమేనా?

ఎండలో పనికి వెళ్ళేవాళ్ళకి అది మంచి అలవాటు. రాత్రంతా పులిసిన అన్నం నీళ్ళు, ఉప్పు, కొంచెం పిండి పదార్థం, అన్నీ ఒకే గిన్నెలో దొరుకుతాయి. మందు కాదు, కానీ పొద్దున్నే టీ తాగి చేలోకి వెళ్ళిపోయేవాడికంటే తరవాణి తాగి వెళ్ళినవాడి ఒంట్లో నీరూ ఉప్పూ మెరుగ్గా ఉంటాయి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు అదనపు ఉప్పు విషయం డాక్టర్‌ని అడిగే చెయ్యాలి.

అరటిపండు తింటే పట్టు రాదా? ఊరగాయ ఊట తాగితే క్షణంలో పోతుందని వీడియోలో చూశాను.

అరటిపండు మంచి తిండే, తినండి, కానీ పట్టేసినప్పుడు తింటే పట్టు వదలదు, అది అరిగి రక్తంలోకి చేరడానికే చాలా సేపు పడుతుంది. ఊరగాయ సంగతి కొంత నిజం: 2010లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో దోసకాయ ఊరవేసిన పులుపు నీళ్ళు కొంచెం తాగినవాళ్ళకి, కరెంటుతో తెప్పించిన పట్టు తొందరగా వదిలింది. అది రక్తంలో కలిసేంత సమయం కూడా పట్టలేదు, గొంతులో పులుపు తగలడం వల్ల నరాల సంకేతం మారి ఉంటుందని వాళ్ళ ఊహ. మన ఆవకాయలో ఉన్నదంతా నూనె, కారం, అది తాగొద్దు. కాలు సాగదీయడం అంతకంటే తేలిక.

విరేచనాలు పట్టుకున్నాయి, ఇప్పుడు కాళ్ళూ చేతులూ లాగేస్తున్నాయి. ఓఆర్ఎస్ ఎలా కలపాలి?

వరదల తర్వాత లంక గ్రామాల్లో ఇది తరచుగా చూస్తాం, నీరూ లవణాలూ ఒక్కసారిగా పోయి కండలు పట్టేస్తాయి. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇస్తారు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి, ప్యాకెట్ మీద చదివి కలపండి, సగం సగం కలపకండి. కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి, కలిపింది 24 గంటల్లో అయిపోవాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, తలకొట్టి కొలవాలి. మందుల షాపులో డబ్బాల్లో అమ్మే ప్రతి తీపి పానీయం ఓఆర్ఎస్ కాదు. మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, తాగింది తాగినట్టు వాంతి అవుతున్నా సెలైన్ అవసరం.

## మళ్ళీ మళ్ళీ వస్తుంటే

వారానికి నాలుగు రాత్రులు పట్టేసి నిద్ర చెడుతోంది. రాకుండా ఏం చెయ్యొచ్చు?

పడుకోబోయే ముందు సాగదీయండి. గోడకి అరచేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, వెనక మోకాలు తిన్నగా, వెనక మడమ నేలకి అంటి ఉండగా ముందుకి వాలండి. ముప్పై సెకన్లు, మూడుసార్లు, రెండు కాళ్ళకీ. 2012లో నెదర్లాండ్స్‌లో 55 ఏళ్ళు దాటిన 80 మంది మీద ఆరు వారాలు చూసిన అధ్యయనంలో ఇలా రోజూ సాగదీసినవాళ్ళకి రాత్రి పట్లు తగ్గాయి. అంతకుముందు ఇంకో అధ్యయనంలో పెద్ద తేడా కనబడలేదు, అది కూడా చెప్పాలి. ఖర్చు లేదు, హాని లేదు, నేనైతే అందరికీ ముందు ఇదే చెబుతాను. దుప్పటి పాదాల దగ్గర బిగించి దోపుకోకండి, పాదం కిందికి వంగిపోతుంది. మద్యం అలవాటున్నవాళ్ళు ఓ రెండు వారాలు మానేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక ఎక్కువైంది. మానేయనా?

మీ అంతట మీరు మానేయకండి. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్లు, ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ లాంటివి కొందరిలో కండ నొప్పులూ పట్లూ తెస్తాయి. ఏ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారో, పట్టు ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపించండి, ఆయన డోసు మార్చొచ్చు, వేరే మందు ఇవ్వొచ్చు. స్టాటిన్ వాడుతూ ఒళ్ళంతా కండలు నొప్పులు, నీరసం, మూత్రం కాఫీ రంగులో వస్తే అదే రోజు వెళ్ళాలి.

మా అమ్మాయికి ఏడో నెల, రోజూ రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయి.

ఐదారు నెలలు దాటాక చాలామంది గర్భిణులకి వస్తుంది, బిడ్డకి హాని లేదు. పడుకునే ముందు పిక్కలు సాగదీయించండి, సాయంత్రం కాస్త నడిపించండి, ఎడమ వైపు తిరిగి పడుకోమనండి. ఆసుపత్రిలో 14 వారాల నుంచి ఇచ్చే కాల్షియం మాత్రలు మానొద్దు, ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకూడదు, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. షాపులో అడిగి నొప్పి మాత్రలు వేయొద్దు. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పి వదలకపోతే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, గర్భంలో ఆ ప్రమాదం ఎక్కువ.

షుగర్, థైరాయిడ్, కిడ్నీ జబ్బులకీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. షుగర్ నరాలని దెబ్బతీస్తే పట్లూ మంటలూ వస్తాయి. థైరాయిడ్ తక్కువ పనిచేసినా, కాలేయం బాగా చెడినా కండలు పట్టేస్తాయి. డయాలసిస్ మధ్యలో నీరు వేగంగా తీసేటప్పుడు పట్టేయడం మామూలే, అక్కడే సిస్టర్‌కి చెబితే వేగం తగ్గిస్తారు. కిడ్నీ చెడినవాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి: బొండాలు, అరటిపండ్లు పట్టు తగ్గడానికని మీ ఇష్టానికి తీసుకోకండి. మీ ఒంట్లోంచి పొటాషియం బయటికి పోదు, అది పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

రెండు వందల గజాలు నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే పోతుంది, మళ్ళీ నడిస్తే మళ్ళీ.

ఇది మామూలు పట్టు కాకపోవచ్చు. కాలి రక్తనాళాలు పూడుకుపోతే నడిచేటప్పుడు కండకి రక్తం చాలదు. చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చేవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. పాదం చల్లగా ఉందా, పుండు మానడం లేదా చూడండి. కూర్చున్నా, ముందుకి వంగినా తగ్గుతుందంటే వెన్నులో నరాల దారి ఇరుకై ఉండొచ్చు. రెండింటికీ డాక్టర్ అవసరం.

## మందులు, ఇంజక్షన్లు

మా ఊళ్ళో ఇంజక్షన్ చేస్తే వెంటనే తగ్గిపోతుంది. చేయించుకుంటే తప్పేంటి?

పిక్క పట్టుకి ఇంజక్షన్ అవసరమే లేదు, చేసేలోపు అదే వదులుతుంది. నడుం, మెడ పట్టుకి ఇచ్చే నొప్పి ఇంజక్షన్లు, డైక్లోఫెనాక్ లాంటివి, పదేపదే చేయించుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీలు పాడవడం చూస్తున్నాం. దానికి స్టెరాయిడ్ కలిపి ఇస్తే షుగర్ ఎక్కడికో వెళ్తుంది, మీకు తెలియదు కూడా. సిరంజిలో ఏం ఎక్కిస్తున్నారో పేరు అడగండి, అడగడం మీ హక్కు.

కండ వదులయ్యే మాత్రలు కొన్ని మగతనిస్తాయి, అవి వేసుకుని బండి నడపొద్దు, చెట్టెక్కొద్దు. మన దగ్గర బాగా రాసే థయోకాల్చికోసైడ్‌ని నోటి ద్వారా 7 రోజులకు మించి వాడొద్దని, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ అసలు వాడొద్దని యూరప్ ఔషధ సంస్థ 2013లో చెప్పింది. పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనుక్కోకండి.

మెగ్నీషియం మాత్రలు కొనమంటున్నారు. క్వినైన్ పనిచేస్తుందని కూడా విన్నాను.

పెద్దవాళ్ళ రాత్రి పట్లకి మెగ్నీషియం వల్ల పెద్ద లాభం లేదని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. పరీక్షలో లోటు తేలితే వేరు. క్వినైన్ పట్లు తగ్గించగలదు కానీ రక్తకణాలనీ గుండె లయనీ దెబ్బతీయగలదు, అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లోనూ 2010లోనూ పిక్క పట్టుకి వాడొద్దని హెచ్చరించింది.

## ఇది కండ పట్టు కాదేమో

ఒక పిక్కే నాలుగు రోజులుగా పట్టేసినట్టుంది, వాచింది, వేడిగా ఉంది. నూనె రాసి రుద్దనా?

రుద్దొద్దు. పిక్క పట్టు నిమిషాల్లో వదులుతుంది, రోజుల తరబడి ఉండదు. ఒకే కాలు వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆపరేషన్, కాన్పు, దూర ప్రయాణం, మంచాన పడి ఉండటం వీటి తర్వాత ఎక్కువ. మా దగ్గరి బంధువు ఒకాయనకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇలాగే వస్తే కండ పట్టని ఐదు రోజులు మర్దనా చేయించారు, ఆరో రోజు ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తారు, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. ఆయన బతికారు, కానీ ఆ ఐదు రోజుల సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ గుండె జారుతుంది. డాప్లర్ స్కాన్ చేస్తే తెలిసిపోతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యండి.

కాల్లో మేకు దిగింది, వారం తర్వాత దవడ పట్టేసి నోరు తెరవలేకపోతున్నాడు.

ధనుర్వాతం కావచ్చు, ఇంట్లో ఒక్క నిమిషం ఉంచొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. దవడ, మెడ, తర్వాత ఒళ్ళంతా బిగుసుకుంటుంది, చిన్న చప్పుడుకే పట్టు వస్తుంది. చేలోనో చెరువు గట్టునో లోతుగా గాయమైతే అప్పుడే సబ్బుతో కడిగి, టీకా వేయించుకుని ఐదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించుకోవాలి.

పురుగుమందు కొట్టి వచ్చాక కండలు అదురుతున్నాయి, నోట్లోంచి చొంగ కారుతోంది.

విషం ఎక్కింది. బట్టలు తీసేసి, మీ చేతులకి కవరు తొడుక్కుని సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడగండి, 108ని పిలవండి, మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. కంటిపాపలు సూది మొనంత చిన్నవైపోవడం, చెమటలు, వాంతులు కూడా గుర్తులే. నిమ్మరసం, మజ్జిగ ఏదీ తాగించొద్దు. దీనికి విరుగుడు ఉంది, గంటలు ముఖ్యం.

ఛాతీ పట్టేసింది, ఎడమ చెయ్యి లాగుతోంది. గ్యాస్ అనుకుంటున్నాం.

అనుకోవద్దు. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పడుతుంటే, నొప్పి దవడకో చేతికో పాకుతుంటే ముందు ఈసీజీ తీయించండి, గ్యాస్ మాత్ర తర్వాత.

మరి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎవరి దగ్గరికి, ఏం తీసుకెళ్ళాలి?

మొదట పీహెచ్‌సీలోనో దగ్గరి జనరల్ ఫిజీషియన్ దగ్గరో చూపించండి. షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం పరీక్షలతో చాలా సంగతులు తేలతాయి. కండ సన్నబడుతున్నా, బలం తగ్గుతున్నా, అదరడం ఆగకపోయినా న్యూరాలజిస్ట్‌కి పంపుతారు. వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ కవర్లో వేసుకెళ్ళండి, నాటు మందులైనా సరే దాచకుండా. వారం రోజులు ఏ టైముకి, ఏ కాలికి, ఎంతసేపు పట్టిందో రాసిన కాగితం ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఒకావిడ క్యాలెండర్ మీదే టిక్కులు పెట్టుకుని వచ్చింది, చీరలు నేసే మగ్గం ముందు కూర్చున్న రోజుల్లోనే టిక్కులున్నాయని ఇద్దరం ఒకేసారి చూశాం.